గోడ లోపలి ఇరవై రెండు అడుగులు

"మాస్టారూ, మీకీ పిచ్చి ఎప్పట్నుంచండీ?"

పొద్దున్నే ఆరింటికి, జూబ్లీ హిల్స్‌లో తన బంగళా గేటు దగ్గర లుంగీతో నిలబడి సినిమా నిర్మాత పట్టాభిరామయ్య గారు అడిగిన ప్రశ్న ఇది. "మీరు గోడ కట్టినప్పట్నుంచండీ," అన్నారు మా డ్రిల్లు మాస్టారు బసవపున్నయ్య గారు, సున్నపు డబ్బాతో లోపలికి నడుస్తూ.

ఆయన పిచ్చి ఒకటే. మొదలుపెట్టిన గీత మధ్యలో ఆగకూడదు. నిజాం కాలంలో కట్టిన మా సర్కారు హైస్కూలు గ్రౌండులో రోజూ నాలుగు వందల మీటర్ల ట్రాకు గీసేవారు. అడుగున చిల్లులు పొడిచిన డాల్డా డబ్బా, అందులో సున్నం. గీతకు ఏం అడ్డొచ్చినా లెక్కలేదు. ఒకనాడు ఆరో లేనులో బర్రె పడుకుని ఉంది. దాని మీంచే గీశారు.

"ఏంది సారూ, మా బర్రెకు ముగ్గు పెట్టినవ్?" అని అడిగింది దాన్ని తోలుకుపోవడానికొచ్చిన ముసలమ్మ.

"అది బర్రె కాదమ్మా, ఆరో లేను."

ఆ సాయంత్రం ఆరో లేను కొంత ముసలమ్మ వెంట మోతీనగర్ వెళ్ళిపోయింది.

1983లో మా గ్రౌండు పక్కనే ఉన్న బంగళాకు పట్టాభిరామయ్య గారు ప్రహరీ కట్టినప్పుడు మా ట్రాకు మూడో మలుపు ఆయన పచ్చికలో కలిసిపోయింది. మాస్టారి అడుగుల్లో ఇరవై రెండు. అర్జీలు పెట్టారు. అవి ఆఫీసుల్లో నిద్రపోయాయి. ఇక ఆయన రోజూ గీతను గోడ దాకా తెచ్చి, గేటులోంచి లోపలికెళ్ళి పచ్చిక మీద గీసి, మళ్ళీ బయటికొచ్చి కలిపేవారు. మొదటివారం ఆయన మీదికి కుక్కను వదిలారు. కుక్క మీద కూడా గీశారు. రెండోవారం నుంచి గేటు తెరిచే ఉండేది.

పరిగెత్తే మాకు మాత్రం ప్రవేశం లేదు.

"సార్, గోడొచ్చింది!"

"వస్తే రానీరా! నిలబడ్డచోటే పరిగెత్తు. ఇరవై రెండు లెక్కపెట్టి పక్కనుంచి పో!"

జిల్లా రిలే షీల్డు పదకొండేళ్ళు వరసగా మా స్కూలుదే. పన్నెండో ఏడు, గోడే లేని మైదానంలో, మూడో మలుపు దగ్గర బాటన్ పట్టుకుని నిలబడ్డచోటే పరిగెత్తినవాణ్ణి నేనే. షీల్డు పోయింది. మాస్టారు తిట్టలేదు.

"ఎన్నో అంకె దగ్గర గుర్తొచ్చిందిరా?"

"పద్దెనిమిది సార్."

"మిగతా నాలుగూ ఎందుకు వదిలేశావు?"

1988లో సర్వేయరు వచ్చి కొలిచాడు. తప్పు గోడదేనని తేలింది. పట్టాభిరామయ్య గారు కూడా జరుపుతానన్నారు. అర్జీదారుగా మాస్టారు సంతకం పెడితే చాలు. హెడ్మిస్ట్రెస్ జ్ఞానప్రసూనాంబ గారు కాగితం తీసుకొచ్చి ముందు పెట్టారు.

"ఇప్పుడెందుకు లెండి మేడమ్. వచ్చే ఏడాది చూద్దాం."

"అయిదేళ్ళు నా ప్రాణం తోడేసింది ఈ మాట అనడానికా అండీ?"

ఆయన సంతకం పెట్టలేదు. నిర్మాత ఈయనకు పోలీసు వేషం ఇచ్చాడని పుకారు పుట్టింది. సినిమా చివర్లో ఆలస్యంగా వచ్చే ప్రతి పోలీసు మొహంలోనూ మాస్టారిని వెతికాం. ఆ వచ్చే ఏడాది ఎవరికీ కలిసిరాలేదు. సినిమాలు పోయి పట్టాభిరామయ్య గారు బంగళా అమ్మేశారు. కొన్నవాళ్ళు కొత్త కాగితాలు చూపించి గోడను ఇంకా ముందుకు తెచ్చారు. ట్రాకు సగమైంది. స్కూల్లో రిలే ఆగిపోయింది. మాస్టారు అమ్ముడుపోయారని ఆయన వింటుండగానే అన్నాం. నేనూ అన్నాను. ఆయన తలెత్తకుండా మిగిలిన సగం గీసుకుంటూ పోయారు.

1996లో ఆయన పోయారు. స్కూలు వరండాలో జరిగిన సంతాపసభకు తొమ్మిది మందిమి వచ్చాం. బతికుండగా ఆయన్ని పలకరించని వాళ్ళు మైకులో మూడుసార్లు "తీరని లోటు" అన్నారు. నాలుగోసారి వినలేక లేవబోతుంటే గేటు దగ్గర కారాగింది. డ్రైవరు తలుపు తీశాడు. కాళ్ళకు ఇనుప పట్టీలతో, చేతికర్రతో ఒకామె దిగింది. పేరు బాలాత్రిపురసుందరి. పట్టాభిరామయ్య గారి అమ్మాయి. ఆయనకో అమ్మాయి ఉందని మాలో ఎవరికీ తెలియదు.

"పోలియో పిల్లనని నాన్నగారు నన్నెవరి కంటా పడనిచ్చేవారు కాదండీ," అంది. "మాస్టారు గీత గీయడానికొచ్చి, నడుం నొప్పిగా ఉంది తల్లీ, నువ్వు గియ్యి అని డబ్బా నా చేతికిచ్చేవారు. లోపలి గీతంతా నాదే. మీ ఇరవై రెండడుగులు నాకు యాభై ఆరు."

నడుం నొప్పి! యాభయ్యో ఏట కూడా మా ముందు పిల్లిమొగ్గలు వేసిన మనిషి.

"గోడ జరుపుతారని విని, అయితే రేపట్నుంచి రారా అని ఏడ్చేశానండీ. మర్నాడు మాస్టారొచ్చి, గోడ ఎక్కడికీ పోదులే అన్నారు."

ఒక పిల్ల నడక కోసం మూడు వందల మంది గ్రౌండు వదులుకోవడం ఒప్పని నేననను. మాస్టారూ అనుకుని ఉండరు, అందుకే ఎవరికీ చెప్పలేదు. కానీ నేనన్న మాట వెనక్కి తీసుకుందామంటే ఎదురుగా మనిషి లేడు.

ఆమె కారెక్కబోతూ ఆగింది. "ఏదీ పట్టుకోకుండా నడిస్తే అడుగుకో రూపాయి ఇస్తానన్నారండీ. ఇల్లు ఖాళీ చేసే రోజు నడిచాను, గీత మొత్తం. జీతం రాగానే ఇస్తానన్నారు." నవ్వింది.

బసవపున్నయ్య మాస్టారు ఆమెకు ఇంకా యాభై ఆరు రూపాయలు బాకీ.