రాగుల గుండు మీద వంగిన పలక

ఈ సంగతి రాసి ఉంచవలసిన అవసరం ఏర్పడింది. కన్నడ నాట ఉన్నా తెలుగు మాట్లాడే చింతామణిలో నేను పనిచేసిన పాఠశాలకు గుండ్రని ముఖభాగం గల ప్లైవుడ్ ఉపన్యాస పీఠం ఒకటి ఉండేది. దానిని నేనొక్కడినే నా విద్యాబలంతో తయారుచేశానని ఇటీవల ఒక సభలో పొగిడారు. లేచి ఖండించబోతే మెడలో దండ వేసి కూర్చోబెట్టారు. దండ పడినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. అలాగని ఆ పనిలో నా భాగమే లేదనేవారికీ నేను తలవంచను. జరిగినది జరిగిన క్రమంలోనే చెబుతాను.

ఆ రోజుల్లో, అంటే యాభైల చివరలో, చేతిలో శిక్షణ పత్రం ఉన్న ఇరవై రెండేళ్ళ యువకుడికి తెలియని విషయం లోకంలో ఉండేది కాదు. నేను పరగోడు నుంచి వచ్చిన తాత్కాలిక చేతిపనుల ఉపాధ్యాయుణ్ణి. శుక్రవారం ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తారు. ఆయన మెచ్చితే నా ఉద్యోగం ఖాయమవుతుంది. లేకుంటే పరగోడులో మా నాయన నాగలి సిద్ధంగానే ఉంది. పాత పీఠాన్ని చెదలు తినేయడంతో ప్రధానోపాధ్యాయులు బండ్లు చేసే ముసలి వడ్రంగిని (ఊరంతా ఆయనను చక్రాల తాత అనేది) పిలిపించారు. ఆయన పనస చెక్కతో చేస్తానన్నాడు. నేను అడ్డుపడి, టీ పొడి వచ్చే పెట్టెల ప్లైవుడ్డును గుండ్రంగా వంచి నేనే చేస్తానన్నాను.

తాత నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అది కట్టె కాదప్పా, అట్ట. మూడు అప్పళాలు అంటించినట్ల ఉండాది. వంచితే ఇరిగిపోతాది."

"శాస్త్రప్రకారం వంచితే విరగదు."

"శాస్త్రం నీకు తెలుసులేప్పా. ఆ అట్టకు తెలుసునా?"

సోమవారం మొదటి పలకను పొడిగానే వంచాను. అది తుపాకీ పేలినట్లు విరిగింది. పైపొర నార (చెక్క పోగులు సాగే దిక్కు) వంపుకు అడ్డంగా నిలవాలని నా నోట్సులోనే ఉంది. కాని పెట్టె పలక పొడవంతా నార వెంటే ఉండగా నేనేం చేయను? ఇక ఒక్క పలకే మిగిలింది. దానిని వేడినీళ్ళలో నానబెట్టాలి. నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మను, శనివారం తలంట్లకు నీళ్ళు కాచే రాగి అండా అడిగాను. ఆమె మాంసం మాట చెవిన పడితేనే గడప కడిగించే మనిషి. "కడిగి ఇయ్యప్పా" అని ఇచ్చింది. అరగంట చాలని పుస్తకంలో ఉంది. అరగంట మంచిదైతే మూడు గంటలు మరీ మంచిదని నేను నిర్ణయించుకుని, పలకను అటూ ఇటూ తిప్పుతూ ఉడికించాను. మూడు గంటలకు పలక లేదు. మూడు పలుచని పొరలు నీళ్ళలో తేలుతున్నాయి.

పెద్దమ్మ ముక్కు మూసుకుని వచ్చింది. "యాడిదప్పా ఈ కంపు? తోలు కంపు కొడతాండాది! నా అండాలో ఏం ఉడకేస్తాండావు?"

"ప్లైవుడ్డమ్మా. అందులో ఉన్న జిగురు..."

"జిగురు దేంతో చేస్తారు?"

జిగురును పశువుల తోళ్ళు ఉడికించి కూడా చేస్తారన్న శాస్త్రాన్ని, జీవితంలో మొదటిసారి, నేను చెప్పకుండా ఊరుకున్నాను. (చింతపండు, బూడిద పెట్టి ఆ అండాను సాయంకాలం దాకా తోమాను. అయినా ఆమె మరొకటి కొనుక్కుంది.)

మర్నాడు తడి పొరలను భుజాన వేసుకుని బజారు గుండా బడికి నడుస్తుంటే, "అయ్యవారూ, ఆ దోసెలు యాడికి?" అని ఎవరో కేక వేశారు. నేను తిరిగి చూడలేదు. చక్రాల తాత మాత్రం తన కొట్టం ముందు నన్ను ఆపి, ఒక పొరను తమలపాకులా చుట్టి చూశాడు. "మూడూ ఒకటిగా ఉండి మొండికేసినాయి. ఇప్పుడు చూడు, ఒక్కొక్కటి ఎట్ల వంగుతాండాదో!"

కళ్ళంలో ఎద్దుల వెనక దొర్లుతూ రాగులు నూర్చే, పీపాలాంటి రాతి గుండు ఒకటి, కొయ్యచట్రం బిగించడానికి వచ్చి, అక్కడ ఎండలో కాగుతోంది. తాత మూడు పొరలనూ దానికి చుట్టి, తాడు కట్టి, కర్రతో మెలిపెట్టాడు. సాయంత్రానికి అవి ఆరి గుండు వంపుకు వచ్చాయి. అంటించేటప్పుడు మూడింటి నారా ఒకే దిక్కున పెడదామన్నాడు. నడిమి పొర అడ్డంగానే ఉండాలని నేను పట్టుబట్టాను. ఆ వాదంలో నేనే గెలిచాను. ఈనాడు పెట్టుకున్నా గెలుస్తాను. జిగురు పూసి మళ్ళీ గుండుకే బిగించి, గురువారం సాయంత్రం విప్పితే, వంపు చెదరలేదు.

శుక్రవారం ప్రధానోపాధ్యాయులు నా చెవిలో, "బయటివాడి పేరు ఎత్తవద్దు. నీ ఖాయం చెడుతుంది" అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు ఆ పలక బిగించిన పీఠాన్ని తడిమి, దీనిని వంచినదెవరని కన్నడంలో అడిగారు. నాకు నాగలి కనిపించింది. అయినా లేచి నిలబడ్డాను. "పొరలు ఊడగొట్టిన తప్పు నాది సార్. అంటించినదీ నేనే. వంచినది మాత్రం చక్రాల తాత."

ప్రధానోపాధ్యాయులు కళ్ళు మూసుకున్నారు. గుమ్మం దగ్గర నుంచి తాత గొంతు లేచింది. "అయ్యవారు అబద్ధం చెప్తాండాడు సామీ! నేను ఊరికే తాడు కట్టినాను. వంచింది రాతి గుండు!"

ఇన్‌స్పెక్టరుగారు కలం తీసి, "అయితే ఖాయం ఉత్తర్వు గుండు పేరున రాయనా?" అన్నారు. గదంతా నవ్వింది. నవ్వనివాణ్ణి నేనొక్కడినే, ఆయన నిజంగానే రాస్తారేమోనని భయపడ్డాను.

ఉత్తర్వు నా పేరునే వచ్చింది. నవ్వవలసిన చోట కొయ్యబారి నిలబడిన ఆ యువకుణ్ణి తలచుకుంటే నాకిప్పుడు నవ్వు వస్తుంది. వెంటనే, పక్కన తాత లేడే అనిపిస్తుంది. ఆ పలకలకు ఏ జిగురు వాడేవారో నాకు నేటికీ రూఢిగా తెలియదు. దానిలోనూ, మరెక్కడైనా నేను పొరబడి ఉంటే పాఠకులు సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. నేను తప్పక వాదిస్తాను. అయినా సరిదిద్దండి.