జీపుకి వెనక కన్ను పెట్టించుకొచ్చాం

తెల్లవారుజామున ఐదింటికి ఇంట్లోంచి బయల్దేరాం. మా ఆయన, నేను, మా పాత జీపు. కైకలూరు పక్కన కొల్లేటి ఒడ్డున మాది చేపల వ్యాపారం. విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లి జీపు వెనక కెమెరా పెట్టించాలని నా పట్టుదల. జీపు అమ్మిపారెయ్యాలని ఆయన పట్టుదల. స్టీరింగు ఆయన చేతిలో ఉందన్న మాటేగానీ, బండి ఎటు వెళ్తోందో చూస్తే ఎవరి మాట నెగ్గిందో మీకే తెలుస్తుంది.

సంగతేమిటంటే, మా చెరువు గట్టు జీపు పట్టేంత వెడల్పే ఉంటుంది. అటూ ఇటూ నీళ్లే. చేపలెక్కించుకుని బయటికి రావాలంటే తిప్పుకునే చోటు లేక, వెళ్లినదారినే వెనక్కి రావాలి. జీపు వెనక భాగమంతా ఐసు, ట్రేలు పెట్టుకునే రేకు డబ్బా. వెనక్కి తిరిగి చూస్తే ఆ రేకు తప్ప ఇంకేమీ కనపడదు. అందుకని నేను కాపరానికొచ్చిన కొత్తలోంచీ జీపు వెనక నడుస్తూ, "రా, రా, కొంచెం ఎడమకి, రా" అని కేకలేస్తూ, రేకు మీద అరచేత్తో చరుస్తూ వస్తున్నాను. మా వైపు ఏ గట్టు మీద చూసినా ఇదే పద్ధతి. బండి ఒకరు నడిపితే వెనక ఇంకొకరు నడుస్తారు.

మొన్న వానల్లో ఆ గట్టు మీద బురదకి కాలు జారి చక్రానికి అడ్డంగా పడ్డాను. ఆపమని అరిచాను గానీ ఇంజను మోతలో ఆయనకి వినపడలేదు. రేకు మీద చప్పుడు ఆగిపోయిందేమిటా అని అనుమానమొచ్చి బ్రేకు తొక్కారట. దిగొచ్చి చూస్తే టైరు నా కుచ్చిళ్ల మీదుంది. నాకు మోచెయ్యి గీరుకుపోయిందంతే. దెబ్బంతా ఆయనకే తగిలింది. ఆ రోజు జీపుని పక్క చెరువాయన వచ్చి బయటికి తీశాడు. అప్పట్నుంచీ మా ఆయన రివర్సు గేరు జోలికి పోతే ఒట్టు. చేపల్ని నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా మోస్తున్నాం. ఈలోగా ఐసు కరిగి సరుకు మెత్తబడుతోంది, కొనేవాళ్లు మూతి తిప్పుతున్నారు. జీపు పోతే వ్యాపారం పోయినట్టే. ఆయన మాత్రం, "వ్యాపారం పోతే పోనీ, నువ్వుంటే చాలు" అన్నారు. వినడానికి బాగానే ఉంది గానీ, తినడానికేముంటుంది?

ముదినేపల్లి దాటి గుడివాడ చేరేసరికి ఆరున్నర. ఇడ్లీ బండి దగ్గర ఆగుదామంటే, ఇక్కడ పెడితే మళ్లీ వెనక్కి తియ్యాలని ఎక్కడో దూరంగా జీపు ముక్కు రోడ్డువైపు ఉండేలా పెట్టారు. అంత దూరం నడిచెళ్లి తిని, అంత దూరం నడిచొచ్చాం. తిన్న ఇడ్లీ అక్కడే అరిగిపోయింది. మానికొండ, కంకిపాడు మీదుగా పోరంకి వచ్చేసరికి ట్రాఫిక్ మొదలైంది. ఎనిమిదిన్నరకి పటమట, అక్కణ్ణించి అయిదు నిమిషాల్లో ఆటోనగర్.

మీరూ వెళ్లేమాటుంటే పొద్దున్నే వెళ్లండి, పది దాటితే కెమెరాలు బిగించే షాపు ముందు నిలబడ్డానికి నీడ ఉండదు. మాకంటే ముందే కంకిపాడు ఆసామి ఒకాయన వరికోత మిషనుకి కెమెరా పెట్టించుకుంటున్నాడు. ఆ మిషను వెనక కూడా ఏమీ కనపడదట. మా ఆయన మొహం చూసి కాబోలు, తనే మాట కలిపాడు. "బిగించాక మీ ఆవిణ్ణి వెనకాల కుడిపక్కన నిలబెట్టి చెయ్యి ఊపమనండి. స్క్రీను మీద కూడా కుడిపక్కే ఊపాలి. తిరగబడి పెడితే కొంపలంటుకుంటాయి."

మా ఆయన తలూపారు గానీ, నన్ను వెనకాల నిలబెట్టడం అనేసరికి మొహం పాలిపోయింది.

ఎలక్ట్రీషియన్ పేరు నాగరాజు. మా జీపుని చూసి ముందు నవ్వాడు, తర్వాత కష్టపడ్డాడు. కొత్త బళ్లకైతే రివర్సు లైటు వైరు నుంచి కరెంటు తీస్తారు, గేరు వెయ్యగానే స్క్రీను దానంతటదే వెలుగుతుంది. మా జీపుకి ఆ లైటు వైరుతో సహా ఎప్పుడో ఊడిపోయింది. అందుకని నేరుగా బ్యాటరీ నుంచి వైరు లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టి, స్టీరింగు పక్కన బుల్లి స్క్రీనూ, దానికో స్విచ్చూ బిగించాడు. తాళం తీసేసినా స్క్రీను వెలుగుతూనే ఉంటుంది, ఆపడం మర్చిపోతే బ్యాటరీ దిగిపోతుందని రెండుమూడు సార్లు హెచ్చరించాడు. కెమెరాని రేకు డబ్బా అంచున, కిందికి చూసేలా పెట్టించాం. చేపల నీళ్లు కారే చోట పెట్టించుకోకండి, తడీ జిగురూ కలిసి నాల్రోజుల్లో తినేస్తాయి.

నేను వెనక నిలబడి చెయ్యి ఊపాను, కుడి కుడిగానే కనపడిందట. ఇక బండిని వెనక్కి నడిపి చూడమంటే మా ఆయన కదల్లేదు. మా గట్టు మీదే చూసుకుంటానన్నారు. నాగరాజే ఎక్కి తీసి చూపించాడు. ఇంత దూరమొచ్చి ఇంత చేసి, ఈయన గేరే వెయ్యకపోతే?

పన్నెండున్నరకి పటమటలో భోజనం. గోంగూర పచ్చడి మారు అడిగితే విసుక్కోకుండా వేశారు, ఆ మెస్సు వాళ్లు చల్లగా ఉండాలి. ఆయన బిల్లు కట్టేలోగా నేను జీపు దగ్గరికొచ్చి సంచిలోంచి పసుపు, కుంకుమ పొట్లాలు తీశాను. మా ఇంట్లో ఫ్రిజ్జొచ్చినా, మోటారొచ్చినా, కొత్త వలొచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టందే వాడం. బంపరెక్కి ఆ నల్లటి బుల్లి కెమెరాకి నిండుగా పసుపు రాసి, నడిమధ్యన బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. తల్లీ, ఈయన చేత గేరు వేయించమని మొక్కుకున్నాను.

ఒంటిగంటకి బయల్దేరి, గుడివాడలో టీ తాగి, నాలుగున్నరకల్లా మా చెరువు మీదికొచ్చాం. ఇంటికెళ్లి రేపు చూద్దామన్నారాయన. రేపంటే ఇక ఎప్పటికీ కాదని నాకు తెలుసు. ఒప్పించి గట్టు మీదికి పోనిచ్చి, చివర ఆపించి, నేను దిగి ఆయన పక్కన గట్టంచున నిలబడ్డాను. ఆయన స్విచ్చు వేశారు.

స్క్రీను నిండా పసుపు. మధ్యలో ఎర్రటి మచ్చ.

"చూశావా, ఏమీ కనపడట్లేదు" అన్నారు. గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "అమ్మేద్దాం. నా వల్ల కాదు."

కెమెరా అంటే కన్ను, కంటికెవరైనా బొట్టు పెడతారా? నా తెలివి తెల్లారినట్టే ఉంది. జరిగింది చెప్పి, తుడిచొస్తానని కదిలాను. వెనక్కి వెళ్లొద్దన్నారు. వెళ్లకపోతే తుడిచేదెలా అన్నాను. ఆయన ఇంజను ఆపేసి, తాళం పీకి, చెయ్యి బయటపెట్టి నాకు కనపడేలా పట్టుకున్నారు. నేను వెనక ఉన్నంతసేపూ ఆ చెయ్యి అలా బయటే ఉంది.

చెంగు నీళ్లలో తడిపి, బంపరెక్కి, అద్దాన్ని మెల్లగా తుడిచాను. కుంకుమ మొండికేసింది. మొహం దగ్గరగా పెట్టి ఊదాను, మళ్లీ తుడిచాను. లోపల్నుంచి ఆయన గొంతు వినపడింది.

"కనపడుతున్నావు."

నేను చెంగు పిండుకున్నాను. ఆయనే మళ్లీ అన్నారు. "నీ ముక్కుపుడక కూడా కనపడుతోంది. ఇక దిగి వచ్చి నా పక్కన కూర్చో."

ఇన్నేళ్ల కాపరంలో జీపు వెనక్కి వెళ్తుంటే నేను లోపల కూర్చున్నది అదే మొదటిసారి. ఆయన ఊపిరి గట్టిగా పీల్చి రివర్సు వేశారు. స్క్రీను మీద గట్టు నెమ్మదిగా వస్తోంది, అటూ ఇటూ నీళ్లు, అంచున గడ్డి. అలవాటు పోక నా నోరు "రా, రా" అంటూనే ఉంది. రోడ్డు తగిలాక ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం.

ఆయన స్విచ్చు ఆపబోతే నేనే ఒక్క క్షణం ఆగమన్నాను. పొద్దుట్నుంచీ ఎంతో చూశాను, పోరంకి ట్రాఫిక్కు, ఆటోనగర్ షాపులు, కంకిపాడు ఆసామి కోత మిషను. వాటన్నిటికంటే ఆ బుల్లి స్క్రీనే నాకు నచ్చింది. అందులో ఇందాకటిదాకా మా గట్టు, మేమొచ్చిన చక్రాల జాడలు కనపడ్డాయి, ఇప్పుడు రోడ్డు కనపడుతోంది. జీపు వెనక నేను రోజూ నడిచే చోట ఎవరూ లేరు.