తాతయ్య పెట్టిన లాకు

దగ్గరికి జరిగి కూర్చోండి, గొంతు పెంచి చెప్పలేను. నా చిన్నప్పుడు, ఎక్కడో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, జహీరాబాదులో నాకు తల్లి పోసింది. మశూచి అంటారే, అదే. ఇంట్లో అప్పుడప్పుడే పాకుతున్న తమ్ముడు. వాడికి సోకితే దక్కడన్నారు. పాలిచ్చే అమ్మ నన్ను ముట్టుకోరాదు. నన్ను వెనక గదిలో ఉంచి మా తాతయ్యను తోడు పెట్టారు. ఆయనకు చిన్నతనంలోనే పోసిపోయింది, ఇక రాదు.

కిటికీ లేని గది. ఒళ్లంతా మంట. గదికీ ఇంటికీ నడుమ ఒక సందు, దానికి అటొక తలుపు, ఇటొక తలుపు. అమ్మ జొన్న గట్క గిన్నె సందులో పెట్టి, తన తలుపు మూసి గొళ్లెం చప్పుడు చేసేది. అప్పుడుగాని మా తలుపు తీయకూడదు.

"గిదేం రివాజు తాతా? నేను అమ్మ కాడికి పోత."

"లాకు బిడ్డా ఇది. జర ఆగు."

తాతయ్య పసితనంలో పెద్ద కరువొస్తే, వాళ్లవాళ్లు మద్రాసు దిక్కు సముద్రపు ఒడ్డున కాలువ తవ్వడానికి పోయారట. అలలకు సరుకు పడవలు బోల్తా పడుతుంటే, ఒడ్డు వెంబడే లోపలగా నీటిదారి ఉండాలని దొరలు ఎన్నాళ్లుగానో అనుకున్నారట. మొదట ఒక ముక్క తవ్వి, సముద్రపు నీరు నిలిచే ఉప్పు కయ్యలను ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయారు. కరువులో ఆకలి జనం దొరికేసరికి పని ఊపందుకుంది. పొద్దంతా ఎత్తిపోసిన ఇసుక తెల్లారేసరికి మళ్లీ కాలువలోకే జారేదట. ఏరు అడ్డం వచ్చిన చోట రెండు తలుపుల లాకు కట్టారు.

"పడవ లోపటికొచ్చినంక ఎనక తలుపు మూస్తరు. నీళ్లు సమానమయ్యేదాక ముందలిది తియ్యరు. తొందరపడి రెండూ తీసిన్రనుకో, కాల్వ నీళ్లన్నీ ఏట్లకు పోతయ్. ఎనకొచ్చే పడవలు బురదల కూలబడుతయ్."

"నడిమిట్ల ఉన్నోళ్లు ఏడ్వరా?"

"ఏడుస్తరు. లాకు కాడి మనిషిని మస్తు తిడ్తరు, నువ్వు నన్ను తిట్టినట్టె."

నవ్వాను. పెదవి మీది పొక్కు చిట్లింది.

ఒక మధ్యాహ్నం తాతయ్య కునుకు తీస్తుండగా గొళ్లెం చప్పుడైంది. అమ్మ తన తలుపు మూసిందనుకుని మా తలుపు తీశాను. సందులో అమ్మే ఉంది. ఉండబట్టలేకపోయింది పాపం. "నా బంగారూ" అని చేతులు చాపింది. ఆమె వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద నుంచి తమ్ముడు నా వైపే పాకి వస్తున్నాడు.

అమ్మ ముఖం మీదే తలుపు మూసేశాను. వీపు ఆనించి కూర్చున్నాను. అటు అమ్మ ఏడ్చింది, ఇటు నేను. తలుపు మాత్రం తీయలేదు.

పొక్కులు ఎండి రాలాక తాతయ్య రెండు తలుపులూ తీశారు. తమ్ముడికి ఏమీ కాలేదు. ఇప్పటికీ ఎక్కడైనా కదలలేక చిక్కుకుపోతే, ఆ రోజు నా వీపుకు తగిలిన తలుపు గుర్తొస్తుంది. నేను ఆగినందుకు అవతల ఎవరో క్షేమంగా ఉన్నారనుకుంటాను. ఊపిరి ఆడుతుంది.

మీ ఇంటి పసివాళ్లను ఏ గాలీ సోకకుండుగాక. మీ గడప చల్లగా ఉండుగాక.