కోదాడ టీచరమ్మ చదివిన బీరు బిళ్ళలు

మా ఆయన బీరు తాగినోడు కాదు. కల్లు గూడ పండుగలకే. తాగితే నాకు బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్న. తాగుబోతు పెండ్లానికి వాడకట్టోళ్లంత జాలి పడతరు, వచ్చి పక్కన కూసుంటరు. బీరు బిళ్ళల పిచ్చి పట్టినోని పెండ్లానికి ఎవరు జాలి పడతరు? నవ్వుతరు.

సూర్యాపేట బస్టాండు రోడ్డుల మాది పాత కోట్ల బండి. అమెరికాల, ఇంక ఏయే దేశాలల్లనో తొడిగి విడిచిన కోట్లు, స్వెటర్లు మూటలు గట్టి ఓడలల్ల వస్తయి. హైదరాబాదుకు చేరినంక మా ఆయన పోయి మూట తెచ్చేటోడు. చలికాలం వచ్చిందంటే ఆత్మకూరు దిక్కు గొర్లు కాసేటోళ్లు దొడ్డు కోట్లు ఏరుకుంటరు, మందకాడ పండాలె గద. దామరచర్ల కరెంటు ప్లాంటు పనికి వచ్చిన బీహారోళ్లు టోపీ ఉన్నవే కావాలంటరు. బండి మీద అమ్మంగ మిగిలినయి మూట గట్టుకొని ఒకనాడు మిర్యాలగూడ అంగడికి, ఒకనాడు కోదాడ సంతకు బస్సుల పోయేటోడు.

నా పని ఇంట్ల. మూట ఇప్పినంక ఏ కోటుకు జిప్పు పోయింది, ఏ కోటుకు బటన్ ఊడింది చూసి బాగుజేసుడు. మా గిరాకీలు గుండీ అనరు, బటన్ అనే అంటరు. "అక్కా, బటన్ ఊడకుంట గట్టిగ కుట్టు" అని అడిగి మరీ కుట్టిచ్చుకునేటోళ్లు. నా కాడ ఒక బిస్కెట్ల డబ్బ నిండ బటన్లే. నల్లయి, తెల్లయి, కొమ్ముతోని చేసినయి, ఇత్తడియి. చీకట్ల చెయ్యి పెట్టినా ఏది ఏందో చెప్తుంటి.

ఆ కోట్లకు ఒక్కోపారి రొమ్ము మీద గుండ్రటి బిళ్ళలు గుచ్చి ఉండేటియి. రూపాయంతది ఒకటి, అప్పడమంతది ఒకటి. పలుచని రేకు, దాని మీద రంగు కాయితం, కాయితం మీద అద్దమసొంటి పొర, ఎనక పిన్నీసు. నేను పీకి పాత సామాన్ల ఏసేదాన్ని. మా ఆయన ఏరి దాసుకునేటోడు. కలెక్టరాఫీసు చప్రాసికి ఉండే బిళ్ళ అసొంటిదే అనుకున్నడు. అమెరికా చప్రాసిలు నౌకరి దిగినంక పాపం కోట్లు అమ్ముకుంటున్నరు అని నాకు చెప్పేటోడు. నేను గూడ నమ్మిన.

ఎర్రది ఒకటి మంచిగున్నదని అంగికి గుచ్చుకొని మిర్యాలగూడ పోయిండు ఒకపారి. అంగడి మూల మీద బెల్టు షాపు నడిపే ముసలామె దూరంకెళ్లి చూసి, ఆబ్కారోళ్లు వచ్చిన్రని సీసాలన్ని గడ్డిల దాసిపెట్టిందట. ఇంకొకడు ఎంటవడి, "ఇది ఏ పార్టీ బిళ్ళనే, మాకేమన్న ఇప్పిస్తవా" అని సతాయించిండట. ఇంటికొచ్చి చెప్పుకుంట చెప్పుకుంట కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్విండు. నేను నవ్విన. అప్పటిదాంక ఆ బిళ్ళల మీద నాకు ఏ కోపం లేకుండె.

కోపం కోదాడల పుట్టింది.

కోదాడ సంతల స్వెటర్ చూస్తందుకు ఒక టీచరమ్మ వచ్చిందట. సర్కారు బడిల ఇంగ్లీషు చెప్పే ఆమె. పెండ్లి చేసుకోలేదు, ఒక్కతే ఉంటది. ఆ సంగతి నేను అడిగితే చెప్పిండు, అడగకుంటే చెప్పకపోవు. ఆమె మా ఆయన అంగి మీది బిళ్ళను వంగి చదివిందట. ఇది నౌకరి బిళ్ళ గాదు, అమెరికా బీరు కంపెనీది, ఎనకటికి కంపెనోళ్లు మందు దుకాండ్లల్ల ఊకెనే పంచేటోళ్లు, మన దగ్గర ఎలక్షన్లకు పంచుతరు సూడు గట్ల, అని చెప్పిందట.

ఆనాడు మూట కింద పెట్టకముందే నా ముంగట కూసోని అన్నడు.

"ఇగో, వీటిని బటన్లు అంటరట."

"బటన్ అంటే నేను కుట్టేది" అన్న.

"కాదే, ఇంగ్లీషుల ఇదే బటనట. టీచరమ్మ చెప్పింది."

"మరి నేను కుట్టేదేంది?"

నా బటన్ల డబ్బ దిక్కు చూసిండు. "నువ్వు కుట్టేది గుండీ" అన్నడు.

పెండ్లైన కాడికెళ్లి బటన్లు కుట్టినదాన్ని, ఒక్క పూటల గుండీలు కుట్టేదాన్నైన. తెల్లారి సంది మా ఇంట్ల బటన్ అంటే ఆయన బిళ్ళలే. "బటన్ ఏడ పెట్టినవే" అంటే నేను డబ్బ తెచ్చి ముంగట పెట్టుడు, ఆయన అది కాదనుడు. నేను మాత్రం పట్టుబట్టి బిళ్ళ అనే అన్న. ఇప్పుడు గూడ బిళ్ళ అనే చెప్తున్న, రాసేటోళ్లు అట్లనే రాయాలె.

ఇగ కోదాడ పోయినప్పుడల్ల నాలుగు బిళ్ళలు జేబుల ఏసుకొని పోవుడు, సంత అయినంక ఆమె వసారల కూసోని చదివిచ్చుకొనుడు. ఆమె ఫోన్ల ఎతికి ఆ కంపెనీ ఎప్పుడు పుట్టింది, ఎట్ల పోయింది చెప్పేదట. ఇంటికొచ్చి అన్నం తినుకుంట ఆయన నాకు చెప్పేటోడు. జర్మనీకెళ్లి బతకపోయినోళ్లు అమెరికాల ఊరూరికి బీరు బట్టీలు పెట్టిన్రట, మనకు ఊరూరికి కల్లు మండువ ఉన్నట్టు. చలికి చెరువు గడ్డకడితే రంపాలతోని ఆ గడ్డలు కోసుకొచ్చి నేలమాళిగల పేర్చి బీరు చల్లగ ఉంచేటోళ్లట. రైళ్లొచ్చినంక పెద్ద కంపెనోళ్లు దూరపు ఊర్లకు బీరు పంపుడు పట్టిన్రట. నా బీరే తాగాలె అంటే నా బీరే తాగాలె అని ఒకరి మీద ఒకరు పోటీవడి గీ బిళ్ళలు పంచిన్రట. తర్వాత సర్కారు మొత్తానికే మందు బంద్ పెట్టిందట. దానికి ముందల పడ్డది ఆడోళ్లేనట. మా దిక్కు సారా బంద్ కావాలని లేసినప్పుడు నేను చీపురు పట్టుకొని పోయినదాన్నే, అందుకని ఆ ముచ్చట నాకు బాగ నచ్చింది.

నచ్చుడే నాకు మంట. ఆ ముచ్చట ఆయనది కాదు, ఆమెది. నేను వండిన కూర కలుపుకుంట ఆమె మాటలు నాకు వడ్డిస్తున్నడు. బంద్ ఎత్తేసినంక పెద్ద కంపెనోళ్లు చిన్న కంపెనీలను మింగిన్రట, కొన్నింటికి డబ్బ మీద పేరొక్కటే ఉంచి లోపలిదంత మార్చిన్రట. ఆయన చెప్తుంటే నేను గిన్నెలు కడుగుకుంట, నా సంగతి గూడ గట్లనే ఉన్నదనుకున్న.

నాకు మూడో తరగతి దాంకనే. సంతకం పెడత, బస్సు బోర్డు కూడబలుక్కొని చదువుత. ఇంగ్లీషు అక్షరాలు నా కండ్లకు చీమలు పారినట్టే. అవి నాకొస్తే ఆయన కోదాడల ఎందుకు కూసుంటడు? మా ఇంటి గడప మీదనే కూసోకపోవునా?

బిళ్ళలల్ల ఒకటి ఆకుపచ్చది. దాని మీద గ్లాసు పట్టుకొని నవ్వే ఆడామె. ఆ కంపెనీ ముచ్చట ఆయన మల్ల మల్ల చెప్పేటోడు. బంద్ వచ్చినంక షావుకారు తలకాయ పట్టుకొని కూసున్నడట. అప్పుడు ఆయన పెండ్లాం బట్టీల నడుమ నిలవడి ఒక్క కేక పెట్టిందట, గంగాళాలు తుప్పు పట్టనిస్తరా, బార్లీ మొలకల పాకం కాయుర్రి అని. ఆ పాకాన్ని డబ్బలకు పోసి రొట్టెలల్లకని అమ్మితే, జనం కొనుక్కపోయి ఇండ్లల్ల దొంగతనంగ బీరు చేసుకున్నరట. అట్ల కంపెనీ బతికిందట.

"ఆమెది బొంగురు గొంతట, నీ లెక్కనే" అన్నడు. "ఆ గొంతు మీదనే కంపెనీ నిలవడ్డది."

నా గొంతు చిన్నప్పటి సంది గిట్లనే, ఇటుకతోని ఇటుకను రాకినట్టుంటది. బడిల పాట పాడమంటే పిల్లలు చెవులు మూసుకునేటోళ్లు. అంటే నా గొంతు సంగతి ఈయన పోయి ఆమెకు చెప్పిండు. ఇద్దరు కలిసి నవ్వుకున్నరు. ఆమె దాన్ని కథల అతికిచ్చి, ఈయన చేతికే ఇచ్చి నాకు పంపింది. ఈ పిచ్చోడు అది మోసుకొచ్చి నా ముంగట పెట్టిండు. ఎప్పుడు ఆ ముచ్చట ఎత్తినా నేను లేసిపోయేదాన్ని. ఎందుకే అని అడిగిండు. చెప్పలే. ఆమె అన్నదానికి నేను ఉడుక్కుంటున్న సంగతి ఆమెదాంక పోవద్దని చెప్పలే.

పోయినేడు ఆయనకు గుండెల నొప్పొచ్చింది. ఆటోల దవాఖానకు తీస్కపోతుంటే తోవలనే ఖతం అయింది. ఏడాది వెళ్లినంక, గోడకు తగిలేసిన ఆయన జీన్స్ కోటు దించి దులిపిన. బిళ్ళలన్ని దాని వీపు మీదనే గుచ్చుకున్నడు. బట్టంత వెలిసి తెల్లవడ్డది, ఒక్కకాడ మాత్రం గుండ్రగ ముదురు నీలం ఉన్నది. అక్కడి బిళ్ళ లేదు. ఎతకకుంటనే తెలిసింది నాకు, ఆకుపచ్చదని. అది ఎవరి కాడ ఉన్నదో గూడ తెలిసింది.

రేకుముక్క కోసం కోదాడ పోతవా అని మా తోటికోడలు నవ్వింది. ఇన్నేండ్ల సంసారంల ఆయన నాకు ఒక్క బిళ్ళ గుచ్చలే. ఆమెకు ఇచ్చిండంటే, అదిగూడ అన్నింటికన్న మంచిది ఇచ్చిండంటే, ఇగ నేను ఎవరి ఏడుపు ఏడ్చిన ఈ ఏడాదంత? అది తేల్చుకోకుంట నాకు నిద్ర పట్టదు. పొద్దున్నే బస్సెక్కిన.

బడికాడ అడిగితే ఇల్లు చూపిచ్చిన్రు. నేను మనసుల గీసుకున్న మనిషి కాదు. తల నెరిసింది, సన్నగున్నది, అద్దాలు ముక్కు మీదికి జారుతున్నయి. నేనెవరో, ఆయన పోయి ఏడాదైందని చెప్పంగనే నా రెండు చేతులు పట్టుకుంది.

"రండక్కా, లోపలికి రండి" అన్నది.

అక్క అంట. రెండో పెండ్లామే గద మొదటి పెండ్లాన్ని అక్క అనేది. చేతులు గుంజుకున్న.

వసారల రెండు కుర్చీలున్నయి. ఒకదానికి చెయ్యి ఆనే కాడ రంగు పోయి నున్నగైంది. అండ్లనే కూసున్న. ఆకుపచ్చ బిళ్ళ ఇయ్యిమన్న. ఇయ్యదనుకున్న. ఇయ్యనంటే వాడంత వినేటట్టు లొల్లి పెట్టాలనే వచ్చిన. ఆమె లోపలికి పోయి దూదిల చుట్టిన బిళ్ళ తెచ్చి నా చేతుల పెట్టింది.

"వెనకాల తుప్పు పట్టిందని, శుభ్రం చేసిస్తానన్నానక్కా. ఆయన మళ్ళీ రాలేదు. మీ ఇల్లెక్కడో నాకు తెలియలేదు."

అంత అల్కగ ఇచ్చేసరికి నాకింక మండింది. నమ్మాల్నా, వద్దా? ఎనకకు తిప్పి చూసిన, తుప్పు గీకిన జాడ ఉన్నది. కొంచెం నమ్మిన. అయినా వచ్చిన పని ఒడవలే.

"ఒక్కటి అడుగుత మేడం. నా గొంతు మీకేం చేసింది?"

ఆమెకు సమజ్ గాలే. షావుకారు పెండ్లాం గొంతు నా గొంతు లెక్కనే ఉండెనని కథ అల్లి పంపితిరి గద అన్న. ఆమె అద్దాలు తీసి తుడుసుకున్నది.

"ఈ కంపెనీ గురించి నాకు పేరూ ఊరూ తప్ప ఇంకేం దొరకలేదక్కా. పాకం అమ్ముకుని బతికినవి వేరే కంపెనీలు, అది చెప్పాను. భార్య మాట నేను అనలేదు. ఎక్కడా లేదు కూడా."

"మరి గొంతు?"

"మీ గొంతు ఎలా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది."

చేతిలున్న బిళ్ళ దిక్కు చూసిన. ఆయనే అల్లిండు. ఆమె కాడ ముచ్చట దొరకని కాడ ఆయన నన్ను పెట్టిండు. బస్సుల కోదాడకెళ్లి సూర్యాపేట దాంక కూసోని, కంపెనీ ఎట్ల బతికిందా అని తోచక, నాతోని ఒక కేక పెట్టిచ్చిండు.

టీచరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నా దగ్గర ఆయన వినడమే, తిరిగి ఏమీ చెప్పేవాడు కాదు. మీకు ఎలా చెప్పేవాడక్కా? ఆ భార్య ఏం చేసిందట? చెప్పండి."

ఆమె కండ్లల్ల చూసిన. అది నాకు ఎరుకైన చూపే. అద్దంల ఎన్నోసార్లు చూసుకున్న. నా కాడ లేనిది నీ కాడ ఎందుకున్నది అనే చూపు. నాకు సంబురమే అయింది, అబద్ధమెందుకు.

బిళ్ళను కొంగుకు ముడేసుకొని లేసిన.

"సూర్యాపేటకు రాండ్రి మేడం" అన్న. "బస్సులు శాన ఉన్నయి. ఆయన ఇన్నేండ్లు వచ్చిండు గద మీ కాడికి."

పరీక్షలు అయినంక వస్తనని మొన్న ఫోన్ చేసింది. రానీ. చాయ పోస్త, అన్నం పెడత. కోటు మీది బిళ్ళలన్ని ముంగటేస్త, ఎన్ని చదువుకుంటదో చదువుకోనీ. షావుకారు పెండ్లాం ముచ్చట మాత్రం చెప్ప. ఎంత అడిగినా చెప్ప.