బావి నీళ్లలో విరిగిన మందు

మొగుడంపల్లి దగ్గర మా అల్లం మళ్ల పక్కన మా మామ తవ్వించిన బావి ఉండేది. ఆ నీళ్లు అద్దంలా ఉంటాయని ఆయనకు మహా గొప్ప. పొలానికి ఎవరొచ్చినా ముందు చెంబుడు నీళ్లు చేతికిచ్చి, తాగేదాకా మొహంలోకే చూసేవాడు. నాకు మాత్రం ఆ నీళ్లంటే ఒళ్లు మంట. పొద్దంతా పొయ్యి మీదున్నా పప్పు ఉడికి చావదు. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. అందుకని పప్పుకు మా పొలం చివరున్న కుంట నీళ్లు గుడ్డలో వడగట్టి తెచ్చుకునేదాన్ని. మోదుగాకులు రాలి, నాని, ఆ నీళ్లు చాయ్ రంగుకు తిరిగేవి. అయినా పప్పు వెన్నలా ఉడికేది.

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం అల్లానికి కుళ్లు పట్టింది. ముందు కింది మడి పసుపు పచ్చగా మారింది. పంట పోతే ఏడ్చి ఊరుకోవచ్చు, కానీ మరుసటి ఏటి విత్తనం కూడా ఆ మళ్లలోనే ఉంది. అది పోతే మా ఇంట్లో ఇక అల్లం సాగు లేనట్టే. మా ఆయన జహీరాబాద్ బజారుకు పోయి రాగి మందు తెచ్చాడు. పిండికన్నా సన్నటి నీలం పొడి, నీళ్లలో కలిపి మొక్కల మొదట్లో పోయాలి.

మందంటే, దవాఖానదైనా పొలానిదైనా, మా వాళ్లకు ఒక మర్యాద. తేట నీళ్లలోనే కలపాలి. మామ బకెట్లు రెండుసార్లు తోమించి, తన బావి నీళ్లతోనే కింది మడంతా పోయించాడు. కుళ్లు ఆగలేదు. మందు నకిలీదని దుకాణందారు మీదికి కొట్లాటకు చెప్పులేసుకున్నాడు.

నేను పోయి బకెట్ అడుగు చూశాను. మందంతా ముద్ద కట్టి కింద కూర్చుంది. మడిలోనూ నీలం ముద్దలు మట్టి మీదే ఎండిపోయాయి, వేరుదాకా ఒక్క చుక్కా దిగలేదు. నాకు సబ్బు తెట్టు గుర్తొచ్చింది.

మా ఇంట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు. చెప్పదలచుకున్నది గోడకు చెప్పాలి, ఆయన వింటాడు. ఆ పద్ధతంటే నాకు చిరాకే, కానీ ఆ రోజు బాగా వాడుకున్నాను. మామ దిగబోతున్న అరుగు మీద రెండు గాజు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో బావి నీళ్లు, ఇంకోదాంట్లో కుంట నీళ్లు పోసి, రెంటిలోనూ చిటికెడు మందు కలిపాను.

"గోడా, జర చూడు. పప్పు ఉడకని నీళ్లల్ల మందెట్ల కలుస్తది?" అన్నాను.

కాసేపటికే బావి నీళ్ల గ్లాసులో మందు పాలు విరిగినట్టు విరిగి అడుక్కు దిగింది. కుంట నీళ్ల గ్లాసు పైనుంచి కిందిదాకా నీలంగానే ఉంది.

బావి నీళ్లలోని సున్నం, మందు రేణువులను ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తుందని, నానిన ఆకుల సారం వాటికి పూతలా పట్టి విడివిడిగా ఉంచుతుందని తర్వాతెప్పుడో చదువుకున్నవాళ్లు చెప్పారు. ఇప్పుడు శాస్త్రవేత్తలు కంటికి ఆనని రేణువులను తయారుచేసి, అవి చెరువుల్లో, వాగుల్లో ఎట్లా ముద్ద కడతాయో చూస్తున్నారట. చూడనీ. నాకు పప్పు ఎప్పుడో చెప్పింది.

మామ చెప్పులు విప్పకుండానే గ్లాసుల ముందు కూర్చున్నాడు. ఆయన మొహం చూస్తే నాకు పాపమనిపించింది. ఎన్నడూ లేంది, నా వైపే తిరిగాడు.

"నా బాయి ఇంత పని చేసిందా, బిడ్డా?"

నేనూ గోడ సంగతి మరిచిపోయాను.

"బాయి తప్పేం లేదు మామా, తాగనీకె మంచిదే. పై మడి ఇంకా పచ్చగనే ఉంది. కుంట నీళ్లతోని పోద్దాం."

ఆ సాయంత్రం నుంచే ఇంటిల్లిపాదీ కుంట నీళ్లు మోశాం. మామ కూడా బిందె ఎత్తాడు. దారినపోయేవాళ్లు అంత మంచి బావి పెట్టుకొని ఈ మురికి నీళ్లేమిటని నవ్వితే, ఆయన ఇంకో బిందె ముంచుకోను కుంటలోకి దిగాడు.

కింది మడి దక్కలేదు. పంట తవ్వే నాడు చూస్తే గుజ్జు, కంపు. పై మడిలో మాత్రం గడ్డపార దిగిన చోటల్లా గట్టి దుంపలు లేచాయి. అమ్ముకునేంత లేదు, విత్తనానికి సరిపోయింది. మామ ఒక కొమ్ము విరిచి వాసన చూసి, మా ఆయన పక్కనే నిలబడి ఉండగా, నన్ను పిలిచాడు.

"వచ్చే ఏడు విత్తనం యాడ పెడ్దామో చెప్పు, బిడ్డా."

ఆ ఇంట్లో అప్పటిదాకా భూమి గురించి నన్నెవరూ ఏమీ అడిగింది లేదు. ఏడుపు ఆపుకొని, కుంట పక్కన పెడదామని చెప్పాను.