మల్లమ్మ పెద్దమ్మ నమిలిన ముక్క

నూనెలో బ్రెడ్డు పొడి వేగే వాసన తగిలితే ఇప్పటికీ నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. మొన్న ఆదివారం వికారాబాద్‌లో మా ఇంట్లో, జపాన్ వాళ్ళ పద్ధతిలో పంది మాంసాన్ని పలుచగా కొట్టి, పిండి, గుడ్డు, బ్రెడ్డు పొడి అద్ది వేయిస్తున్నాను. పై పొర ఎర్రబడుతుంటే తాండూరులో మా పక్కింటి మల్లమ్మ పెద్దమ్మ కళ్ళ ముందు నిలిచింది.

వాళ్ళది గొర్లు కాసే కుటుంబం. పంది మాంసం వాళ్ళ గడప తొక్కదు. మాది చర్చికి పోయే ఇల్లు. మేము వండుకున్నా, వాళ్ళ మీద గౌరవంతో పెరట్లో వేరే గిన్నెలో వండేవాళ్ళం. నేను బడి మధ్యలో మానేసి బండల పాలిష్ పనికి పోతూ, సాయంత్రాలు లైబ్రరీలో గడిపేవాణ్ణి. చదివింది చెబితే వినే మనిషి మా వీధిలో ఆమె ఒక్కతే. గొర్లకు ఆకు వేస్తూ అంతా విని, "అయితే ఇప్పుడు మనమేం చెయ్యాలె?" అనేది. ఏ పుస్తకమూ నన్ను అలా అడగలేదు.

ఆమె బిడ్డ సుజాత క్రైస్తవుల అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. హైదరాబాద్‌లో జపాన్ వంటల హోటల్లో వంటపని చేసేది. ఏళ్ళ తరబడి రాకపోకలు లేవు. తొలి కాన్పుకు రమ్మని పెద్దమ్మే కబురు పంపింది. వచ్చిన పిల్లకు ముద్ద దిగలేదు.

"నేను రేపు పోత అమ్మా. నాకు తినబుద్ధయ్యేది నీ ఇంట్ల వండరు."

"ఏందది?"

"పంది. మా హోటల్ల వేయించేది."

పెద్దమ్మ నేరుగా మా ఇంటికి వచ్చింది. "ఏం రా లైబ్రరీ, సుజాత హోటల్ల పంది మాంసం వేయిస్తరట, గా జపాన్ వంట నీ పుస్తకాలల్ల ఉంటదా?"

"ఉన్నది పెద్దమ్మా. మా పెరట్ల చేసి తెస్త."

"నీ చేతిది తినెతందుకు పుట్టింటికొచ్చిందా అది? మా పొయ్యి మీదనే చేద్దాం."

ఆ రోజు తాండూరులో దొరక్క, తెల్లవారి వికారాబాద్ నుంచి రైల్లో మాంసం తెచ్చేసరికి ఆమె ఒక నాపరాయి బండను కడిగి సిద్ధంగా ఉంచింది. బండ మీద ముక్కలు పరిచి రోకలితో మెత్తగా కొట్టింది. ఉప్పు, మిరియాలు చాలని పుస్తకం చెప్పింది కానీ ఆమె చేయి ఊరుకోలేదు. "పసుపు, అల్లమెల్లిగడ్డ లేకుంటె గదేం కూర?" అంటూ దట్టంగా పట్టించింది. బ్రెడ్డు దొరక్క నేను చాయ్‌లోకి తినే తీపి టోస్టు దంచి ఇచ్చాను. నూనెలో వేయగానే చక్కెర మాడి పైపొర నల్లబడింది.

ముక్క చల్లారాక పెద్దమ్మ ఒక అంచు తుంచింది. "నేను చూస్త, నువ్వొద్దు" అన్నాను.

"రుచి చూడకుండ బిడ్డకెట్ల పెట్టాలె?"

నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకోలేదు, ఉమ్మలేదు. మెల్లగా నమిలి మింగింది.

"చేదున్నది. నా పసుపు చెడగొట్టింది, నీ టోస్టు గూడ. బజారంత తిరుగు, డబల్‌రొట్టె తే."

వెతికి తెచ్చిన బ్రెడ్డుతో రెండోసారి పుస్తకంలో ఉన్నట్టే చేశాం. మంట తగ్గించి వేయిస్తే బంగారు రంగు వచ్చింది. పెద్దమ్మ మళ్ళీ రుచి చూసి, తల ఊపి, పొడుగు ముక్కలుగా కోసి పళ్ళెంలో పెట్టింది.

సుజాత రెండు ముక్కలు తిని నావైపు తిరిగింది. "ఉప్పు సరిగ్గ పడింది. నువ్వు చూసినవా?"

నేను పెద్దమ్మ వైపు చూశాను.

"నేనే చూసిన," అంది పెద్దమ్మ, పొయ్యి గట్టు తుడుస్తూ.

సుజాత చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని నోట్లో పెట్టుకుని అడిగింది. "రేపు గూడ చేస్తవా?"

"రోజూ అంటె ఎట్లనే? ఆదివారం దాక ఆగు."

కాన్పు అయ్యేదాకా సుజాత అక్కడే ఉంది.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. సముద్రాలు దాటినవాళ్ళ గురించి, కొండలెక్కినవాళ్ళ గురించి ఎన్నో చదివాను. ఆ పొయ్యి ముందు ఒక్క ముక్కతో ఆమె దాటిన దూరం నాకు ఇంకా అంతుచిక్కదు. నా పిల్లలకు ఏదైనా కష్టమైన మాట చెప్పాల్సి వస్తే, ముందు దాన్ని నాకు నేనే చెప్పుకుంటాను. మింగుడుపడితేనే వాళ్ళ దగ్గరికి పోతాను.