రైల్లో పుట్టిన కవలలు

కోరాపుట్, రాయగడ జిల్లాల జనన రిజిస్టర్లను కంప్యూటర్లో పోల్చి, పొంతన లేనివి పట్టుకునే రూల్స్ రాయడం నా పని. "ఒక తల్లికి ఒకే రోజు రెండు జిల్లాల్లో కాన్పు జరగదు" అన్న రూలు రాసి తెగ మురిసిపోయాను.

ఈ రోజు మునిగుడలో కిరాణా కొట్టు నడిపే ఒకావిడ, పదో తరగతి చదివే కవల కొడుకులతో రాయగడలోని మా ఆఫీసుకొచ్చింది. జనన సర్టిఫికెట్లు నా రూలు దగ్గర ఆగిపోయి పరీక్ష ఫారాలు నింపనివ్వడం లేదట.

"ఒకరు కోరాపుట్‌లో, ఒకరు రాయగడలో పుట్టినట్టుందమ్మా. ఏదో ఒకటి తప్పు," అన్నాను.

"పెద్దోడు కోరాపుట్ జిల్లా కకిరిగుమ్మ కాడ రైల్లో పుట్టేడు. సిన్నోడు పుట్టేదాకా రైలు ఆపమంటే గార్డు ఊరుకుంటాడేటి బాబూ?"

రూలు చివర "తల్లి రైల్లో లేకపోతే" అని చేర్చాను.

మీలో బస్సులో పుట్టిన కవలలుంటే చెప్పండి. నా రూలు ప్రకారం మీలో ఒకరు ఇంకా పుట్టలేదు.